విజయనగరం, శ్రీకాకుళం నుంచి పెద్ద సిటీ క్లబ్‌లో మెంబర్‌షిప్: ఎలా అడగాలి, ఎంత అవుతుంది, ఎక్కడ ఆగిపోతుంది

విజయనగరంలో రైస్ మిల్లు, పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ, టెక్కలిలో గ్రానైట్ క్వారీ, శ్రీకాకుళంలో నర్సింగ్ హోమ్. ఇలా స్థిరపడ్డవాళ్లలో చాలామందికి నలభై దాటాక ఒక కోరిక పుడుతుంది. విశాఖలో వాల్తేరు క్లబ్ లాంటి చోట మనకూ మెంబర్‌షిప్ ఉంటే బాగుణ్ణు అని. కొందరికి అది పరపతి. కొందరికి టెన్నిస్. ఇంకొందరు పిల్లల చదువు కోసం మధురవాడ వైపు ఫ్లాట్ తీసుకున్నారు, సాయంత్రం కూర్చోడానికి ఒక మర్యాదైన చోటు కావాలి. ఏ కారణమైనా తప్పేం లేదు. చెక్కుబుక్కు జేబులో వేసుకుని నేరుగా క్లబ్ ఆఫీసుకు వెళ్లడంతోనే చిక్కు మొదలవుతుంది. పాత క్లబ్బుల్లో డబ్బు అడిగేది అన్నిటికంటే చివర. ముందు అడిగేది, మీకోసం సంతకం పెట్టే ఇద్దరు సభ్యులు ఎవరని.

ముందు, అది ఎవరి క్లబ్బో తెలుసుకోండి

క్లబ్ అన్న పేరుతో రెండు వేర్వేరు సరుకులు అమ్ముడవుతున్నాయి. మొదటిది సభ్యుల సొంత క్లబ్. ఆస్తి సభ్యులందరిదీ, ఏటా సర్వసభ్య సమావేశం ఉంటుంది, కమిటీని ఓట్లేసి ఎన్నుకుంటారు, లెక్కలు ఆడిట్ చేయించి సభ్యుల ముందు పెడతారు. విశాఖలో సిరిపురం దగ్గరి వాల్తేరు క్లబ్ 1883 నాటిది. సికింద్రాబాద్ క్లబ్ 1878లో, హైదరాబాద్‌లో నిజాం క్లబ్ 1884లో మొదలయ్యాయి. ఇంకా వెనక్కి వెళ్తే మద్రాస్ క్లబ్ 1832, కలకత్తాలో బెంగాల్ క్లబ్ 1827. తెల్లదొరలు తమకోసం కట్టుకున్న క్లబ్బుల్లో చాలావాటిలోకి భారతీయులకు చాన్నాళ్లు ప్రవేశమే లేదు. మద్రాసులో 1873లో కాస్మోపాలిటన్ క్లబ్ రావడానికి ఆ ఉక్రోషం కూడా ఒక కారణమే. దొరలు పోయారు గానీ, తెలిసినవాడు చెబితే తప్ప కొత్తవాణ్ణి రానివ్వని పద్ధతి మాత్రం అలాగే ఉండిపోయింది.

రెండోది యజమాని క్లబ్. రియల్ ఎస్టేట్ కంపెనీయో రిసార్టో నడుపుతుంది. ఇక్కడ మీ పేరు ప్రతిపాదించే సభ్యులు (ప్రపోజర్లు), చేర్చుకోవాలా వద్దా అన్న ఓటింగు (బ్యాలెట్) ఏమీ ఉండవు. డబ్బు కడితే కార్డు ఇస్తారు. ఈత కొలను, జిమ్ చాలనుకునేవాళ్లకు ఇదే సుఖం. అయితే అందులో మీరు సభ్యుడు కాదు, కస్టమర్. కంపెనీ చేతులు మారితే మీ 'లైఫ్ మెంబర్‌షిప్' ఎవరి లైఫో ఒప్పందం చదివితేగాని తెలీదు. మాల్‌లో కూపన్ నింపించుకుని, లక్కీ డ్రా తగిలింది, దంపతులిద్దరూ రండి అని ఫోన్ చేసేవాళ్లది మూడో రకం. వాళ్ల గురించి ఇక్కడ రాయను.

ఏది ఏ రకమో తేల్చుకోడానికి ఒక్క ప్రశ్న చాలు: "ఏజీఎంలో, అంటే ఏటా జరిగే సర్వసభ్య సమావేశంలో, నాకు ఓటు ఉంటుందా?"

విశాఖా, హైదరాబాదా?

నా మాటకు విలువిస్తే విశాఖే. విజయనగరం నుంచి సుమారు 60 కిలోమీటర్లు. శ్రీకాకుళం నుంచి వంద దాటుతుంది గానీ హైవే మీద పొద్దున వెళ్లి రాత్రికి ఇంటికి చేరొచ్చు. హైదరాబాద్ అంటే ఒక రాత్రి రైలు. అక్కడ మెంబర్‌షిప్ తీసుకుని ఏడాదికి రెండు పెళ్లిళ్లకు వెళ్లినప్పుడు వాడుకోవడం డబ్బున్నవాళ్ల సరదా. పైగా విశాఖ క్లబ్‌కు హైదరాబాద్, చెన్నై, కోల్‌కతా క్లబ్బులతో అఫిలియేషన్ (ఒకరి సభ్యుల్ని ఇంకొకరు రానిచ్చే ఒప్పందం) ఉంటే అక్కడి గదులు, డైనింగ్ హాలు మీకూ దొరుకుతాయి. ఎక్కువ రోజులు హైదరాబాద్‌లోనే కాపురం ఉండేవాళ్ల సంగతి వేరు.

కొన్ని క్లబ్బుల్లో బయటి ఊళ్లవాళ్లకు మొఫసిల్ లేదా అవుట్‌స్టేషన్ అని తక్కువ చందాతో వేరే తరగతి ఉంటుంది. అందులో ఓటు ఉంటుందో లేదో, ఏడాదికి ఎన్ని రోజులు వాడుకోవచ్చో అడగండి. విశాఖలో ఫ్లాట్ ఉంది కదా అని ఆ అడ్రసుతో స్థానికుడిగా దరఖాస్తు చేసి, ఆధార్‌లో విజయనగరం అడ్రసు చూపిస్తే కమిటీకి అనుమానం వస్తుంది. ఏది నిజమో అదే రాయండి.

బైలా తెచ్చుకోండి, కాగితం మీద లెక్క వేయండి

సొసైటీగా నమోదైన క్లబ్ అయితే ఆంధ్రప్రదేశ్‌లో 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కిందకు వస్తుంది. బైలా (క్లబ్ నియమావళి) నకలు జిల్లా రిజిస్ట్రార్ కార్యాలయంలో రుసుము కట్టి తీసుకోవచ్చు. కంపెనీగా నమోదైతే కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ పోర్టల్లో ఆ కంపెనీ పత్రాలు ఎవరైనా రుసుము కట్టి చూడొచ్చు. అంత దూరం పోనక్కర్లేదు, తెలిసిన సభ్యుణ్ణి అడిగితే పాత పుస్తకం ఇస్తారు. అందులో ఐదు విషయాలు వెతకండి: సభ్యత్వ తరగతులు, ప్రపోజర్‌కు ఉండాల్సిన అర్హత, ఓటింగ్ పద్ధతి, తిరిగి రాని రుసుములు ఏవి, సభ్యుడు చనిపోతే భార్యకు లేక భర్తకు ఏం హక్కు.

డెవలప్‌మెంట్ లెవీ (భవనాల పనులకు సభ్యుల దగ్గర వసూలు చేసే అదనపు డబ్బు) అన్న మాట కనిపిస్తే ఆ పేజీ మడిచి పెట్టండి. సభ్యుల సొంత క్లబ్‌లో లాభమే కాదు, ఖర్చు కూడా సభ్యులదే. సికింద్రాబాద్ క్లబ్ ప్రధాన భవనం 2022 జనవరి 16న, సంక్రాంతి సెలవుల్లో, తెల్లవారుజామున అగ్నిప్రమాదంలో కాలిపోయింది. పాత బంగళాలకు మరమ్మతులు, కొత్త బ్లాకులు ఎప్పుడో ఒకప్పుడు వచ్చిపడతాయి. కమిటీ ఒక్కొక్క సభ్యుడి మీద ఎంతవరకు వేయగలదో బైలాలోనే ఉంటుంది.

ఇక లెక్క. ప్రవేశ రుసుము క్లబ్బును బట్టి కొన్ని లక్షల నుంచి పదుల లక్షల దాకా ఉంటుంది. ఉదాహరణకు 5 లక్షలు అనుకుందాం. దాని మీద 18 శాతం జీఎస్టీ 90 వేలు, మొత్తం 5,90,000. నెల చందా 1,500 అనుకుంటే పన్నుతో 1,770, ఏడాదికి 21,240, పదేళ్లకు 2,12,400. అన్నీ కలిపితే 8,02,400. విజయనగరం నుంచి నెలకు రెండుసార్లు వెళ్లారనుకోండి, పదేళ్లలో 240 సార్లు. అంటే గేటు లోపల అడుగుపెట్టిన ప్రతిసారీ 3,343 రూపాయలు, ఇడ్లీ ఆర్డరివ్వక ముందే. పెట్రోలు, టోలు వేరు. నెలకు ఎనిమిదిసార్లు వెళ్లేవాడికి ఇదే లెక్క 836కి దిగుతుంది. ఈ రెండు అంకెల్లో మీది ఏదో నిజాయితీగా ఒప్పుకోవాలి. కొన్నిచోట్ల మినిమమ్ బిల్లింగ్ ఉంటుంది. వెళ్లినా వెళ్లకపోయినా నెలకు ఇంత తిన్నట్టు బిల్లు వస్తుంది. అది కూడా కలపండి.

కంపెనీ పేరు మీద కార్పొరేట్ మెంబర్‌షిప్ తీసుకుంటే జీఎస్టీ వెనక్కి వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. క్లబ్ సభ్యత్వం మీద ఇన్‌పుట్ క్రెడిట్‌ను, అంటే కట్టిన జీఎస్టీని కంపెనీ పన్నులో తగ్గించుకోవడాన్ని, చట్టమే అడ్డుకుంది. చెల్లింపంతా చెక్కు లేదా బ్యాంకు బదిలీ ద్వారానే చేయండి. రెండు లక్షలు, ఆపైన నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధించింది. "సగం క్యాష్ ఇవ్వండి, తొందరగా అయిపోద్ది" అన్నవాడు ఎవరైనా సరే, క్లబ్ తాలూకు మనిషి కాడు.

ప్రపోజర్, సెకండర్

అసలు కథ ఇదే. దరఖాస్తు ఫారంలో ప్రతిపాదించే సభ్యుడు (ప్రపోజర్) ఒకరు, బలపరిచే సభ్యుడు (సెకండర్) ఒకరు సంతకం చేయాలి. ఇద్దరూ ఇన్నేళ్ల సభ్యత్వం ఉన్న పర్మనెంట్ సభ్యులై ఉండాలని, ఏడాదికి ఇంతమందినే ప్రతిపాదించాలని చాలా క్లబ్బుల్లో నియమం. కమిటీలో ఉన్నవాళ్లు ప్రతిపాదించకూడదన్న నియమం కూడా కొన్నిచోట్ల ఉంటుంది. సహకార సంఘంలో అప్పుకు జామీను సంతకం పెట్టినవాడి పరిస్థితి ఎలాంటిదో, ప్రపోజర్ పరిస్థితీ అంతే. మీరు బాకీ పడితే, బార్‌లో గొడవ పడితే, మర్నాడు అందరూ చూసేది ఆయన మొహం. అందుకే మంచి సభ్యుడు తొందరగా సంతకం పెట్టడు. తొందరగా పెట్టేవాడి సంతకానికి కమిటీ దగ్గర విలువ ఉండదు.

మనవైపు వాళ్లకు విశాఖ క్లబ్బుల్లో ఎవరూ తెలీదనుకోవడం పొరపాటు. కోరుకొండ సైనిక్ స్కూల్ 1962 నుంచి పిల్లల్ని తయారు చేస్తోంది. వాళ్లలో నేవీ నుంచి రిటైరై విశాఖలో స్థిరపడ్డవాళ్లు ఉన్నారు. విజయనగరం మహారాజా కాలేజీలో చదివినవాళ్లు, ఆంధ్రా మెడికల్ కాలేజీ బ్యాచ్‌మేట్లు, ఆంధ్రా యూనివర్సిటీ స్నేహితులు, రోటరీ, లయన్స్, డాక్టర్ల సంఘం ఐఎంఏ. మీ ఆడిటర్‌ను అడగండి. విశాఖ ఆడిటర్లకు, లాయర్లకు క్లబ్బుల్లో ఎవరెవరు ఉన్నారో బాగా తెలుసు. పేర్లు రాసుకుని, మిమ్మల్ని కనీసం ఐదేళ్లుగా ఎరిగినవాళ్లెవరో గీత గీయండి. పెద్ద పదవిలో ఉండి మిమ్మల్ని రెండుసార్లు చూసిన మనిషి కంటే, మీ ఇంట్లో భోంచేసిన ఓ మామూలు డాక్టర్ నయం. ఎందుకంటే ఆయన్ను కమిటీ మీ గురించి అడిగితే చెప్పడానికి మాట ఉంటుంది.

అడిగే తీరు. పెళ్లి భోజనాల దగ్గర చేయి పట్టుకుని "ఏటి బావా, నువ్వు క్లబ్బులో ఉన్నావట కదా, నన్ను కూడా వేయించీ" అంటే ఆయన నవ్వుతాడు, అక్కడితో అయిపోతుంది. ఫోన్లో అడిగినా అంతే. ఇంటికి వెళ్లండి. దంపతులు వెళ్తే మరీ మంచిది. "అన్నయ్యగారూ, నా గురించి మీకు తెలిసిందే. ఎందుకు చేరాలనుకుంటున్నానో ఇదీ సంగతి. ఓసారి ఆలోచించండి. మీ పేరుకు ఇబ్బంది లేదనుకుంటేనే సంతకం. వద్దనిపిస్తే చెప్పేయండి, నేనేమీ అనుకోను." చివరి మాట నిజంగా అనాలి, నిజంగా పాటించాలి. ఒప్పుకోకపోతే రెండోసారి అడగొద్దు, మూడో మనిషితో చెప్పించొద్దు. ఎమ్మెల్యేతో ఫోన్ చేయించడం అన్నిటికంటే చెడ్డ ఆలోచన. సంతకం వస్తుందేమో గానీ, ఆ సంగతి సాయంత్రానికల్లా కార్డ్స్ రూంలో తెలిసిపోతుంది.

ఒప్పుకున్నాక కూడా ఫారం వెంటనే నింపకండి. గెస్ట్‌గా కొన్నిసార్లు తీసుకెళ్లమనండి. గేటు దగ్గర రిజిస్టర్లో ఆయన మీ పేరు రాస్తారు. లోపల లాంజ్‌లో కూర్చుంటారు. బేరర్ చిన్న చిట్ పుస్తకం పట్టుకొస్తాడు, సభ్యుడు ఆర్డర్ చెప్పి దాని మీద సంతకం పెడతాడు. మీరు పర్సు తీయకూడదు. గెస్ట్ డబ్బు ఇవ్వడం చాలా క్లబ్బుల్లో నియమానికే విరుద్ధం. టిప్పు కూడా ఇవ్వకూడదు, పండగలకు స్టాఫ్ ఫండ్ అని విడిగా ఉంటుంది. ఫోన్ మోగితే లేచి వరండాలోకి వెళ్లి మాట్లాడండి. ఈలోగా పక్క టేబుల్ నుంచి ఒక పెద్దాయన వస్తారు, మీ ప్రపోజర్‌ను పలకరించి మీ వైపు తిరిగి, "బాబుది ఏ ఊరు? ఎవరి తాలూకు?" అంటారు. మనవైపు రైల్లో ఎదుటి సీటువాడు అడిగే ప్రశ్నే. దానికి ఊరు, నాన్నగారి పేరు, చేసే పని, మూడే మాటల్లో చెప్పండి. క్వారీ టర్నోవర్ చెప్పకండి. అసలు ఇంటర్వ్యూ ఇదే. కమిటీ ముందు జరిగేది లాంఛనం.

సెకండర్‌ను ప్రపోజర్నే చూసిపెట్టమనండి. ఇద్దరూ ఒకే ఆసుపత్రి, ఒకే బంధువర్గం కాకుంటే మంచిది.

ఇంతా చేసి చూస్తే ఎవరూ లేరా? ఏడాది ఆగండి. సంతకాలు ఇప్పిస్తామని డబ్బు అడిగే దళారులు ఉన్నారు. వాళ్లు ఇప్పించే సంతకం మీరు మొహం కూడా చూడని మనిషిది. కమిటీ ఆయన్ను అడిగే రెండో ప్రశ్నకే బండారం బయటపడుతుంది.

ఫారం

ఇది సులువు. ఫొటోలు, పాన్, ఆధార్, డిగ్రీ సర్టిఫికెట్, మూడేళ్ల ఆదాయపు పన్ను రిటర్నులు, పిల్లల పుట్టిన తేదీల సర్టిఫికెట్లు. అన్నిటిలో పేరు ఒకేలా ఉండాలి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఒకచోట పొడి అక్షరం ఉంటే ముందే సరిచేయించుకోండి. వృత్తి దగ్గర 'బిజినెస్' అని వదిలేయకుండా ఏ వ్యాపారం, ఏ ఊళ్లో, ఎన్నేళ్లుగా అన్నది రాయండి. కేసులున్నాయా, వేరే క్లబ్ ఏదైనా తిరస్కరించిందా అన్న గడులు ఉంటే దాచకండి. దాచినట్టు తర్వాత తేలితే సభ్యత్వం రద్దు చేయడానికి అదొక్కటే చాలు. దరఖాస్తుతో కట్టే డబ్బు తిరిగి వచ్చేదా కాదా అడిగి రసీదు తీసుకోండి.

నోటీస్ బోర్డు, ఇంటర్వ్యూ, బ్యాలెట్

ఫారం అందాక మీ పేరు, ఫొటో, ప్రతిపాదించినవాళ్ల పేర్లతో నోటీస్ బోర్డు మీద పెడతారు. అభ్యంతరం ఉన్న సభ్యులు కమిటీకి రాస్తారు, తెలిసినవాళ్లు మద్దతుగా సంతకం చేస్తారు. ఇది కొన్ని వారాలే. అసలు నిరీక్షణ ఖాళీల కోసం. ఢిల్లీ జింఖానా లాంటి చోట వెయిటింగ్ లిస్టు దశాబ్దాల మీద నడుస్తుందని పేరు. మనవైపు క్లబ్బులు కొన్నాళ్లు కొత్త సభ్యత్వాలే ఆపేసి, మళ్లీ తెరుస్తుంటాయి. సెక్రటరీ ఆఫీసుకు నెలనెలా ఫోన్ చేయకండి. ఆర్నెల్లకోసారి ప్రపోజర్ కనుక్కుంటే చాలు.

ఇంటర్వ్యూకు సాధారణంగా దంపతులిద్దర్నీ పిలుస్తారు. ఫుల్ షర్టు, ప్యాంటు, లెదర్ బూట్లు. పంచె కట్టుకు వెళ్లొచ్చా అని అడుగుతుంటారు. 2014 జూలైలో చెన్నైలో ఓ క్రికెట్ సంఘం క్లబ్ పంచె కట్టిన హైకోర్టు న్యాయమూర్తినే లోపలికి రానివ్వలేదు. ఆ వచ్చే నెలలోనే తమిళనాడు శాసనసభ అలాంటి ఆంక్షలు చెల్లవని చట్టం చేసింది. ఆ చట్టం తమిళనాడుకే. ఇక్కడ బైలాలో డ్రెస్ కోడ్ ఏముందో అదే. చాలాచోట్ల భారతీయ దుస్తులను ఒప్పుకుంటూనే కాలికి చెప్పుల్ని మాత్రం ఒప్పుకోరు.

ఎక్కువగా అడిగేది ఇదే: "విజయనగరంలో ఉంటారు, ఇక్కడికి ఎన్నిసార్లు రాగలరు?" దీనికి "వీలైనప్పుడల్లా వస్తామండి" అన్నది జవాబు కాదు. "శని, ఆదివారాలు ఎండాడలో అమ్మాయి దగ్గరుంటామండి. పొద్దున టెన్నిస్ ఆడతాను, మా ఆవిడ ఈతకు వస్తుంది" అంటే వాళ్లకు మనిషి కనిపిస్తాడు. తెలుగులో మాట్లాడండి, ఏమీ అనుకోరు. రాని ఇంగ్లీషు తెచ్చిపెట్టుకుంటే ఇబ్బంది మీకే. చేరాక క్లబ్‌లో ఏం మార్చాలో చెప్పకండి. వ్యాపార పరిచయాల కోసమని అసలు అనకండి, అది అందరికీ తెలిసిన సంగతే అయినా.

చివరికి ఓటు. ఒకప్పుడు మూత పెట్టిన పెట్టెలో తెల్ల గోళీ, నల్ల గోళీ వేసేవారు. కొన్ని నల్ల గోళీలు పడితే, కొన్ని క్లబ్బుల్లో ఒక్కటి పడినా, ఆ మనిషికి ప్రవేశం లేదు. ఇప్పుడు చాలాచోట్ల చీటీ ఉంది గానీ సూత్రం అదే. వద్దంటే కారణం చెప్పరు. సంఘం పెట్టుకునే హక్కును రాజ్యాంగం 19వ అధికరణ ఇచ్చింది. ఎవర్ని చేర్చుకోవాలన్నది కూడా ఆ హక్కులో భాగమే, కాబట్టి బయటివాడు కోర్టుకెక్కినా ఫలితం తక్కువ. ఇన్నేళ్ల తర్వాత మళ్లీ దరఖాస్తు చేయొచ్చని బైలాలో ఉంటుంది. ఓటు అనుమానంగా ఉందని తెలిస్తే, తేదీకి ముందే దరఖాస్తు వెనక్కి తీసుకోమని అనుభవమున్న ప్రపోజర్ చెబుతాడు. ఆ మాట వినండి. వెనక్కి తీసుకున్న దరఖాస్తు తిరస్కారం కింద లెక్కకు రాదు.

చేరిన మొదటి ఏడాది

ప్రవేశ రుసుముకు గడువు ఇస్తారు, దాటితే పేరు పోతుంది. కార్డు మీది, మీ కుటుంబానిది. బామ్మర్దికి ఇచ్చి పంపకూడదు. నెల బిల్లు గడువులోపు కట్టండి, బాకీదార్ల జాబితా బోర్డు మీదే పెడతారు. పైడితల్లి సిరిమానోత్సవం వారంలో ఊళ్లో ఇల్లంతా చుట్టాలే కదా అని పదిమందినీ ఒకేసారి క్లబ్‌కు తీసుకెళ్లకండి. గెస్టుల సంఖ్యకు పరిమితి ఉంటుంది. పిల్లలకు కొన్ని గదుల్లోకి ప్రవేశం లేదు. ఆంధ్రప్రదేశ్‌లో మద్యానికి వయసు 21. పిల్లల సభ్యత్వం కూడా ఫలానా వయసుతో ఆగిపోతుంది, ఆ లోపే విడిగా దరఖాస్తు చేయిస్తే కొన్నిచోట్ల రుసుము తక్కువ పడుతుంది.

కార్డ్స్ రూం గురించి ఒక్క మాట. రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆటేనని సుప్రీంకోర్టు 1967లో తీర్పు చెప్పింది, ఆ కేసు పుట్టిందీ సికింద్రాబాద్‌లోని ఒక రిక్రియేషన్ క్లబ్‌లోనే. అదే తీర్పు, క్లబ్ ఆ ఆట మీద లాభం తీసుకుంటున్నట్టు రుజువైతే నేరం కావచ్చని కూడా చెప్పింది. సీటు ఫీజు కాకుండా పందెంలో వాటా తీసుకునే టేబుల్ దగ్గర కూర్చోకండి.

అఫిలియేషన్ వాడుకునే పద్ధతి తెలిస్తే కట్టిన డబ్బులో చాలా భాగం అక్కడే వస్తుంది. చెన్నైకో వెల్లూరుకో వైద్యానికి వెళ్లే కుటుంబాలు మనవైపు ఎన్నో. ఆసుపత్రి పక్క లాడ్జీ కంటే క్లబ్ గది శుభ్రంగా, చాలాసార్లు చవకగా ఉంటుంది. మీ క్లబ్ ఆఫీసు నుంచి పరిచయ లేఖ తీసుకుని, గది ముందే బుక్ చేసుకోవాలి. జాబితా ఎప్పటికప్పుడు మారుతుంటుంది, వెళ్లేముందు చూసుకోండి. అక్కడి డ్రెస్ కోడ్ అక్కడిదే. అక్కడ బాకీ పెట్టి వస్తే ఆ బిల్లు మీ క్లబ్‌కే వస్తుంది.

అమెరికాలో పిల్లల దగ్గరికి ఆర్నెల్లు వెళ్తుంటే బయల్దేరే ముందే అబ్సెంటీ సభ్యత్వానికి రాతపూర్వకంగా పెట్టండి. చందా తగ్గుతుంది, మినిమమ్ బిల్లింగ్ ఆగుతుంది. తిరిగొచ్చాక పెడితే ఒప్పుకోరు. పూర్తిగా మానేయాలనుకుంటే రాజీనామా లేఖతోపాటు కుటుంబం కార్డులన్నీ అప్పగించి, బాకీ ఏమీ లేదన్న నో డ్యూస్ కాగితం తీసుకుని, డిపాజిట్ ఏదైనా ఉంటే అదే రోజు వాపసుకు దరఖాస్తు రాసివ్వండి.